రెండు చేతులా విల్లు

నందిగామకు దిగువన, కృష్ణ ఒడ్డున, ఇంద్రకీలాద్రి ఉంది. అర్జునుడు తపస్సు చేసి పాశుపతం పొందింది ఆ కొండమీదేనని స్థలపురాణం. విరాటపర్వంలో ఉత్తరుడికి తన పది పేర్లూ వివరిస్తూ, గాండీవాన్ని రెండు చేతులా లాగగలను కాబట్టే సవ్యసాచినయ్యానంటాడు అర్జునుడు. అది వీరుల కథ అని వదిలేస్తాం గానీ, మామూలు మనుషులూ నేర్చుకోదగిన విద్యే.

కుడిచేతివాటం వాళ్లు ఎడమచేత్తో విల్లు పట్టి కుడిచేత్తో నారి లాగుతారు. కానీ గురి విషయంలో చేతి కంటే కంటిదే పెత్తనం. చేతులు చాచి, అరచేతుల మధ్య చిన్న సందులోంచి దూరాన ఉన్న తాటిచెట్టు తలను రెండు కళ్లతో చూడండి. తర్వాత ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచి ఉంటే తాటితల సందులోనే నిలుస్తుందో అదే మీ గురికన్ను. కుడిచేతివాటం ఉన్నా ఎడమకన్నే గురికన్ను అయిన పిల్లలు ఉంటారు. వాళ్లను అలవాటుగా కుడివైపే నిలబెట్టేస్తే గురి కుదరక, విద్యే తమకు రాదనుకుంటారు.

పోటీల్లో వాడే రికర్వ్ విల్లు నడిమి భాగాన్ని, అంటే రైజర్‌ను, ఒక పక్కకు చెక్కి ఉంచుతారు. బాణం ఆనేది ఆ పక్కన, గురి చూసే సైట్ బిగించేది దానికి ఎదురుపక్కన. చెయ్యి మార్చాలంటే రైజర్ మార్చాల్సిందే, వేళ్లకు తొడిగే టాబ్ కూడా వేరే కావాలి. సాదా వెదురు విల్లుకు ఆ ఖర్చు లేదు. చెయ్యి మార్చి, బాణాన్ని వింటికి రెండోపక్క ఆనిస్తే చాలు.

రెండో చేతికి తేలిక విల్లు ఇవ్వాలి. మొదటి చేతి బలాన్ని చూసి బరువు విల్లు ఎత్తితే భుజం దెబ్బతింటుంది. నాలుగైదు అడుగుల దూరంలో గడ్డిమోపు పెట్టి, గురి సంగతి మరచి, ఒంటి పొందికే చూసుకోవాలి. పాదాలు ఎలా ఉన్నాయి, నారి గడ్డాన్ని ఎక్కడ తాకుతోంది, లాగుతున్నది మోచెయ్యా, వీపు కండరమా? కుడిచేత్తో ఎప్పుడో అలవాటై కంటికి ఆనకుండా పోయిన పనులన్నీ ఎడమచేత్తో మళ్లీ ఒక్కొక్కటిగా బయటపడతాయి. ఈ సాధనలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఇదే. నేర్పేవాళ్లకైతే మరీ అవసరం: కొత్తగా వచ్చిన పిల్లవాడి తడబాటు మళ్లీ సొంత ఒంటికి తెలిసొస్తుంది.

పోటీలో రెండు చేతులకు అదనపు మార్కులేమీ లేవు. ఒలింపిక్స్‌లో 70 మీటర్ల దూరాన 122 సెంటీమీటర్ల లక్ష్యం, నడిమి పది పాయింట్ల వలయం 12.2 సెంటీమీటర్లు. దాన్ని అందుకోవడానికి ఒక వైపు సాధనకే జీవితమంతా చాలదు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ వంటి వాళ్ల వెనక ఉన్నది అలాంటి ఏకాగ్ర సాధనే. కానీ రోజూ వందల బాణాలు ఒకే వైపు లాగే వీపు ఆ వైపే బలుస్తుంది. ఎదిగే వయసు పిల్లలకు రెండోవైపు తేలిగ్గా లాగడం అలంకారం కాదు, ఒంటికి చేసే న్యాయం.

అందుకే నందిగామ, జగ్గయ్యపేట బడుల్లో విలువిద్య మొదలుపెట్టేవాళ్లను నేను అడిగేది ఒకటే. ముందు గురికన్ను చూడండి, కొన్నాళ్లు వెదురు విల్లును రెండు చేతులా పట్టించండి. ఖరీదైన రైజర్ ఏ చేతిదో ఆ తర్వాతే తేల్చండి.