బందరు బడి, ముక్తాబాయి బడి

ముదినేపల్లి పేటల నుంచి బందరు పెద్ద దూరమేం కాదు. అక్కడి నోబుల్ కాలేజీ కథ చెప్పే పెద్దలు 1843 దగ్గర మొదలెట్టి రాబర్ట్ నోబుల్ దొర త్యాగాన్ని పొగుడుతారు. బాగానే ఉంది. గడప అవతల ఆగిపోయినవాళ్ల సంగతో? దొర బడి పెట్టింది పైకులాల పిల్లల కోసం. అంటరానివాళ్లను రానివ్వలేదు. పైగా సమర్థించుకున్నాడు: తన తండ్రి వంటవాళ్ల పిల్లలతో, గుర్రాలవాళ్ల పిల్లలతో తమను కలవనిచ్చేవాడు కాదు కదా అని. కేంబ్రిడ్జిలో చదివినవాడు! ఇంగ్లండులో నేర్చిన అంతస్తుల లెక్క ఇక్కడి కులానికి చక్కగా అతికింది.

పూనాలో ఫూలే దంపతుల బడికి మూడేళ్లు పోయిన మాంగు పిల్ల ముక్తాబాయి, 1855లో, పద్నాలుగేళ్లకే, మాంగు మహర్ల దుఃఖం మీద వ్యాసం రాసింది. వేదాలు బ్రాహ్మలవైతే మా మతమేదని నిలదీసింది. కేంబ్రిడ్జి చదువుకు తోచని ప్రశ్న మూడేళ్ల చదువుకు తోచింది. మేం విద్య అనేది దీన్ని.

అయితే పేటలో పుట్టినంత మాత్రాన ఆ ప్రశ్న దానంతటది రాదు. ఉద్యోగం రాగానే పేట పేరు మింగేసేవాళ్లను మనం ఎరగమా? 1956లో ఆగ్రాలో అంబేడ్కర్, చదువుకున్నవాళ్లే తనను మోసం చేశారని బాధపడ్డాడు. ఆయన అన్నది దొరల్ని కాదు, మనవాళ్లని.