మనశ్చికిత్సకుల ఎంపిక: మార్కులు, మౌఖికపరీక్ష, మాతృభాష

నాడి చూచి మందిచ్చు వైద్యునకు రోగి భాష కొంత తక్కువగా వచ్చినను పని సాగవచ్చును. రోగి మాటయే నాడియైన శాస్త్రమునందు అట్లు సాగదు. క్లినికల్ సైకాలజీ యనబడు చికిత్సా మనస్తత్త్వశాస్త్రము అట్టిది. ఈ శాస్త్రమున డాక్టరేటు శిక్షణకు ఎవరిని చేర్చుకొనవలెను, ఏ కొలతతో చేర్చుకొనవలెను అను ప్రశ్న సుమారు ఎనుబది సంవత్సరములుగా విద్వాంసుల చర్చలో నున్నది. కొలతలు పెక్కు మారినవి. కొలువవలసినదానినే కొలుచుచున్నారా యను సంశయము మాత్రము తీరలేదు.

ఈ చర్చకు పుట్టినిల్లు అమెరికా. రెండవ ప్రపంచయుద్ధానంతరము మనోవ్యాధులతో తిరిగివచ్చిన సైనికులకు చికిత్స చేయ నిపుణులు చాలకపోయిరి. మాజీ సైనికుల సంక్షేమశాఖ 1946లో విశ్వవిద్యాలయముల తోడ్పాటుతో శిక్షణ నారంభించెను. 1949లో కొలరాడో రాష్ట్రమునందలి బౌల్డరు నగరమున జరిగిన సమావేశము, చికిత్సకుడు పరిశోధకుడు కూడ కావలెనని నిశ్చయించి పిహెచ్.డి. పట్టమును ఆ వృత్తికి ప్రమాణముగా నిలిపెను. 1973లో వేల్ అను చోట జరిగిన మరియొక సమావేశము, చికిత్సయే ప్రధానముగా గల సై.డి. పట్టమును కూడ ఆమోదించెను. ఒకే వృత్తికి రెండు ఆదర్శము లేర్పడుటచే, ఎంపిక చేయువారు పరిశోధకుని వెదకుచున్నారా, చికిత్సకుని వెదకుచున్నారా యను సందిగ్ధము ఆనాటినుండియు వెన్నంటి వచ్చుచున్నది.

ఎంపికను గూర్చిన తొలి మహాప్రయత్నము మిచిగన్ విశ్వవిద్యాలయమున జరిగెను. కెల్లీ, ఫిస్క్ అను పండితులు ఆ సంక్షేమశాఖ శిక్షణలో చేరిన విద్యార్థులను ప్రజ్ఞాపరీక్షలు, అభిరుచిపరీక్షలు, సిరామరకల పటములు, ఇంటర్వ్యూలు మున్నగు నానావిధ సాధనములతో పరీక్షించి, కొన్నియేండ్ల పిమ్మట వారి పనితీరుతో పోల్చి చూచిరి. ఫలితములు 1951లో గ్రంథరూపమున వెలువడినవి. అవి పరీక్షకులకు సంతోషము కలిగించునవి కావు. దరఖాస్తులోని వివరములు, వ్రాతపరీక్షల ఫలితములు చేతనుండగా, ఎంతో శ్రమపడి జరిపిన ఇంటర్వ్యూలవలన కలిగిన అదనపు ప్రయోజనము అత్యల్పమని తేలినది. మనస్సును చదువుటయే వృత్తిగా గలవారు తమ శిష్యుల భవిష్యత్తును మాత్రము చదువలేకపోయిరి.

పాల్ మీల్ 1954లో ప్రకటించిన గ్రంథము ఈ వాదమును విస్తరించెను. అనుభవజ్ఞుని అంచనా యొకవైపు, అంకెలను కూడి చూచు సామాన్యసూత్ర మొకవైపు నుంచి తూచినచో సూత్రము వెనుకబడుట అరుదని ఆయన చూపెను. రాబిన్ డాస్ 1971లో ఆరిగన్ విశ్వవిద్యాలయపు మనస్తత్త్వశాస్త్రశాఖ ప్రవేశములను పరిశీలించెను. ప్రవేశపరీక్ష, పూర్వపు మార్కులు, చదివిన కళాశాల స్థాయి అను మూడు విషయములను మాత్రమే కలిపిన లెక్క, ఎంపికసంఘము వారి తీర్పుకంటె విద్యార్థుల తరువాతి ప్రతిభను మెరుగుగా సూచించెను.

డాస్ వాదము బలమైనదే. అయినను దానిని యథాతథముగా స్వీకరించుట ఉచితము కాదు. ఎంపికయైనవారిని గూర్చియే లెక్క వేయబడినది. తిరస్కృతులు ఎట్లు రాణించియుందురో ఎవ్వరికిని తెలియదు. ఈ చిక్కును డాసే 1975లో విశదీకరించెను. అంతకంటె పెద్దలోపము వేరొకటి గలదు. ఈ లెక్కలో ప్రతిభ యనగా అధ్యాపకులు తమ విద్యార్థికి వేసిన విలువ. ఆ విద్యార్థి యెదుట కూర్చున్న రోగికి ఉపశమనము కలిగెనా యను ప్రశ్న అచ్చట లేదు. మంచి విద్యార్థిని కనుగొను సూత్రము మంచి చికిత్సకుని కూడ కనుగొనునని అనుకొనుట నిరూపణలేని ఊహ.

అభ్యర్థి వ్రాయు స్వీయపరిచయవ్యాసము ఈ లోపమును పూరించునా? ఆపిల్‌బీ అను ఇంటిపేరుగల ఇద్దరు పరిశోధకులు 2006లో ప్రకటించిన పరిశీలన ప్రకారము, తన మానసికవ్యథను విప్పిచెప్పు వ్యాసములు అభ్యర్థికి కీడు చేయువానిలో నొకటి. బాధ తెలిసినవాడు దానిని దాచవలెను. దాచనేర్చినవాడు లోనికి వచ్చును. రోగులకు మనసు విప్పి మాటాడుడని బోధించు వృత్తి తన వాకిటనే మౌనమును పరీక్షించుట వింత గాదా? అట్లని వ్యథ ననుభవించుటయే అర్హత యనుటయు సరి కాదు. చెప్పిన విషయమును బట్టి గాక, దానిని ఎంత వివేకముతో గ్రహించెనో చూచి తీర్పు చెప్పుట న్యాయము.

కొలువవలసినదేమో 2009లో ఆండర్సన్, ఆయన సహచరులు ప్రకటించిన పరిశోధన కొంత స్పష్టపరచినది. చికిత్సకులకు క్లిష్టులైన రోగుల దృశ్యములను చూపి, "ఇప్పుడు మీరేమందురు?" అని యడిగి, ఆ ప్రత్యుత్తరములకు విలువ కట్టిరి. అట్లు బాగుగా బదులు చెప్పినవారి రోగులు ఎక్కువ మేలు పొందిరి. తమ సాంఘికనైపుణ్యమును గూర్చి చికిత్సకులే ప్రశ్నపత్రములలో ఇచ్చుకొన్న సమాధానములు ఈ భేదమును తెలుపలేదు. కావున ముఖాముఖి పరీక్ష వ్యర్థము గాదు. ప్రశ్నకొక తీరు, పరీక్షకునికొక కొలతగా నడచు పిచ్చాపాటి వ్యర్థము. అందరికి ఒకే సన్నివేశము, ముందే నిర్ణయించిన విలువకట్టు పద్ధతి, వేర్వేరు పరీక్షకులు ఉన్నచో అదియు కొలతయే యగును.

ఇక భారతదేశమునకు వచ్చినచో, ఈ విద్యకు ప్రధానపీఠము బెంగుళూరు. అచ్చట 1954లో అఖిలభారత మానసికారోగ్యసంస్థ వెలసి, 1974లో నిమ్‌హాన్స్‌గా పరిణమించెను. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణచట్టము రెండు సంవత్సరముల ఎం.ఫిల్. శిక్షణను ఈ వృత్తికి ముఖ్యార్హతలలో చేర్చెను. 2022లో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము ఎం.ఫిల్. పట్టమును తొలగించి, ఈ శాస్త్రమున ప్రవేశములకు తరువాత 2025-26 వరకు గడువిచ్చెను. పిహెచ్.డి. ప్రవేశములకు 2024లో చేసిన యేర్పాటులో, పరిశోధకవేతనము పొందని నెట్ అభ్యర్థులకు ఆ పరీక్షకు నూటికి 70, ఇంటర్వ్యూకు 30 వంతులు. వేతనార్హులకు ఇంటర్వ్యూయే ఆధారము. మిచిగన్ పరిశోధన శంకించిన సాధనమునకే ఇచ్చట ఇంత బలము చేకూరినది. నెట్ ప్రశ్నపత్రములు ఇంగ్లీషు, హిందీ భాషలలో నుండును. రోగి భాష అభ్యర్థికి వచ్చునా యని ఈ వంతులలో ఏదియు అడుగదు.

ప్రవాసాంధ్రులకు ఈ విషయము పరాయిది గాదు. 2011 జనాభా లెక్కలలో తమిళనాట సుమారు 42 లక్షలమంది, కర్ణాటకమున సుమారు 36 లక్షలమంది తెలుగు మాతృభాషగా వ్రాయించుకొనిరి. కోలారు, బళ్లారి, హోసూరు, బరంపురము, షోలాపురములలోని తెలుగు కుటుంబములు బజారులో ఆ ప్రాంతభాషయే మాటాడును. దుఃఖము వచ్చినపుడు మాత్రము ఇంటిభాషయే నోటికి వచ్చును. బెంగ, దిగులు, గుబులు అను మాటలు ఒకటి గావు. అత్తవారింటికి పోయిన కూతురికై తల్లి పడునది బెంగ. పంట పోయిన రైతుది దిగులు. ఏమి ముంచుకొనివచ్చునో యను భయముతో కూడినది గుబులు. ఈ మూటిని ఒక్క ఇంగ్లీషుమాటతో కాగితముపై నెక్కించు చికిత్సకుడు రోగము పేరు వ్రాయునేగాని రోగి మాటను వినడు.

దీనికొక ఆక్షేపణ గలదు. భాషను అర్హతగా చేసినచో ప్రాంతీయాభిమానము ప్రవేశించి, అఖిలభారతసంస్థల ద్వారములు కొందరికి మూసికొనిపోవునని కొందరందురు. ఈ భయము నిరాధారము గాదు. అందుచే భాష అడ్డుగోడ గారాదు, అదనపు విలువ కావలెను. అది పుట్టుకనుబట్టి గాక నేర్పునుబట్టి రావలెను. తెలుగు నేర్చిన తమిళునికిని, కన్నడము నేర్చిన తెలుగువానికిని సమానముగా దక్కవలెను. వ్రాతపరీక్షగా పెట్టుటయు తగదు. తరతరములుగా వలసవచ్చి స్థిరపడిన ఇండ్లలో తెలుగు చక్కగా మాటాడి, లిపి యెరుగనివారు పెక్కుమంది గలరు. ఒక రోగి గోడును రోగి భాషలో వినిపించి అభ్యర్థి బదులును పరిశీలించుటయే చాలును. ఆండర్సన్ పద్ధతికి ఇది సహజమైన పొడిగింపు.

మార్కులు శ్రద్ధను తెలుపును. నియమబద్ధమైన ముఖాముఖి పరీక్ష స్పందనను తెలుపును. ఈ రెంటికిని భాష తోడు కానిచో ఆ స్పందన రోగిని చేరదు. పాతపట్టము పోయి క్రొత్తపద్ధతులు రూపొందుచున్న ఈ సమయమున విద్యాపీఠములు ఎంపికకొలతలను సరిదిద్దుకొనవలెను. తెలుగు సంఘములు తమ బిడ్డలలో ఈ విద్యకు తగినవారిని ప్రోత్సహించుటతోపాటు, వారి యింటి తెలుగును చిన్నచూపు చూడకుండ కాపాడవలెను. ఒకనాడు ఒక తల్లి బెంగను విని అర్థము చేసికొనుటకు ఆ తెలుగే పనికివచ్చును.