దండమే నీకు, నియమమా

బల్ల చుట్టూ నలుగురు కూర్చుని, కాగితం మీద ఒక పేరు రాసుకుని, పాచిక దొర్లించి, లేని లోకంలోకి నడిచిపోయే ఆట ఒకటుంది. ఒకరు కథ నడిపిస్తారు. మిగిలినవాళ్లు తలో పాత్రా అయిపోయి మాట్లాడతారు. ఆ పాత్ర ఏం చేయగలదో చెప్పే రెండు మూడు పేజీల రాతని ఆటగాళ్లు క్లాస్ అంటారు, అందులోంచి చీలిన కొమ్మని సబ్‌క్లాస్ అంటారు. ఆ కొమ్మని మలిచే విద్యలో నేను కొలిచే దేవత శక్తి కాదు. నియమమా, నువ్వు.

శక్తి ఇవ్వడం ఎవరికైనా చేతనవును. నిప్పు ఊదే శక్తి, కోటగోడ దూకే శక్తి, చచ్చినవాణ్ణి లేపే శక్తి, ఎన్ని రాసినా కాగితం మోస్తుంది. ఇతను ఫలానా పని మాత్రం చేయలేడు అని నువ్వొచ్చి నిలబడినప్పుడే ఆ శక్తుల మూట ఒక మనిషవుతుంది.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' తెచ్చినప్పుడు అందులో ఉన్నవి మూడే క్లాసులు: కత్తి పట్టేవాడు, మంత్రం వేసేవాడు, దేవుణ్ణి కొలిచేవాడు. మరుసటేడు దొంగ వచ్చి చేరాడు. 2014 నాటి ఐదో కూర్పుకి అవి 12 అయ్యాయి, ఒక్కోదానికీ మళ్లీ చీలికలు. ఆ 12 క్లాసుల్లో బార్డ్ అనే గాయకుడున్నాడు. పాటతో తోటివాళ్లకి ధైర్యం పోస్తాడు. అతని పేజీ తెరిచినప్పుడల్లా నా మనసు అజ్జాడ వెళ్లిపోతుంది.

అజ్జాడలో 1864లో పుట్టాడు ఆదిభట్ల నారాయణదాసు. హరికథకి పితామహుడు. 1919లో విజయనగరంలో వెలసిన సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్. రెండు చేతులకి రెండు తాళాలు, రెండు కాళ్లకి రెండు, తలతో ఇంకొకటి, ఐదూ ఒక్కసారే వేసి చూపిన లయబ్రహ్మ. ఇంతకన్నా నిండైన సబ్‌క్లాస్ ఏ మంత్రలోకంలో దొరుకుతుంది? అందుకే 'దాసు' అని ఒక దారి రాశాను. కుడిచేతి తాళం తోటివాడి భయం తీస్తుంది. ఎడమచేతి తాళం శత్రువు అడుగు తడబరుస్తుంది. కాళ్ల తాళాలు తగిలే దెబ్బని తేలిక చేస్తాయి. అయిదోది, తల తాళం, సభ మొత్తాన్ని ఒక్క వంతు సేపు కట్టిపడేస్తుంది. మొదటి తాళం ఊరికే వస్తుంది. రెండోదానికి ఇరవై ముఖాల పాచిక మీద కనీసం 8 పడాలి, తరువాత 11, తరువాత 14, చివరికి 17. ఎక్కడ తప్పినా అన్నీ కూలిపోతాయి. రెండో తాళం మొదలయ్యాక చేతిలో కత్తి ఉండటానికి వీల్లేదు. మూడు తాళాలు నడుస్తూ, ఎదట భూతం నిలబడి, నాలుగోదానికి పోదామా మానేద్దామా అని ఆడే పిల్ల పాచికని గుప్పిట్లో నలుపుకుంటుంది చూడు, ఆ గుప్పిటలో ఉన్నది నువ్వే.

కోడి రామమూర్తినాయుడు నీకు ఇంకా దగ్గరి చుట్టం. ఒకప్పటి శ్రీకాకుళం జిల్లా వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, సర్కస్ డేరాలో దేశాన్ని ఊపేసినవాడు. ఛాతీకి ఇనప గొలుసు బిగించి, గాలి పీల్చి, గొలుసు తెంచేవాడు. ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకునేవాడు. ఆయన్ని ఆటలోకి తేవాలనుకునేవాళ్లు బలానికి పెద్ద అంకె వేసి ఊరుకుంటారు. నాకది చాలదు. ఆయన రహస్యం కండలో కన్నా ప్రాణాయామంలో ఉంది. అందుకని నా 'మల్లుడు' ఊపిరి బిగబడతాడు. ఒక వంతు బిగబడితే ఒక పాచిక చేరుతుంది, రెండు వంతులకి రెండు, ఐదు దాటదు. వదిలిన క్షణాన అన్నీ ఒక్క దెబ్బలో పడతాయి. మధ్యలో ఎవరైనా కొడితే, తట్టుకునే పాచిక సరిగ్గా పడకపోతే, కూడబెట్టిందంతా గాలిలో కలిసిపోతుంది.

ఇంకో నియమం ఉంది, ఈ దారికి ప్రాణం అదే. బిగబట్టినంత సేపూ మల్లుడు మాట్లాడకూడదు, అంటే బల్ల దగ్గర ఆడేవాడు కూడా నోరు మెదపకూడదు. "ఏట్రా, ఇంకెన్ని వంతులాగుతావేటి?" అంటాడొకడు. "ఆడు బిగబట్టేసేడు, మాటాడించకురా బాబూ!" అంటాడు పక్కవాడు, తానే అడ్డంగా నిలబడి ఆ దెబ్బ కాసుకుంటూ. నోరు మూసుకున్నవాడి కోసం మిగిలినవాళ్లు గోడలైపోతారు. స్నేహం గురించి ఆ పేజీలో నేనొక్క ముక్క రాయలేదు. అదంతా నువ్వే తెచ్చావు.

బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి దగ్గర మాత్రం నా కలం చాలా రోజులు ఆగిపోయింది. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల ముందు, విజయనగరం సేనల ముందు బొబ్బిలి కోట కూలింది. రాజాంలో ఉన్న పాపారాయుడు వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆనక రాత్రివేళ విజయనగరం రాజు విజయరామరాజు గుడారంలో దూరి పగ తీర్చుకున్నాడు. బొబ్బిలివాడికీ విజయనగరంవాడికీ ఈ కథ ఒకేలా వినపడదు, నేను తీర్పరిగా కూర్చోను. నాకు కావలసింది ఆ ఆలస్యం. తోటివాడు పడిపోయాకే శక్తి వచ్చే దారి అది. కానీ అలా రాసి వదిలేస్తే ఏమవుతుంది? ఆడేవాడు తోటివాడు ఎప్పుడు పడతాడా అని కాచుకు కూర్చుంటాడు. పాపారాయుడి దుఃఖం లాభంగా మారిపోతుంది. అంతకన్నా పెద్ద అన్యాయం లేదు. అప్పుడు నిన్ను పిలిచాను. నువ్వు ఒక్క వాక్యంగా వచ్చావు: చేరగలిగే దూరంలో ఉండి చేరనివాడికి ఈ శక్తి రాదు. పరుగెత్తాలి, దూరం చాలకపోవాలి, అప్పుడే. ఇప్పుడు ఈ దారి ఎంచుకున్నవాడు ప్రతి పోరులోనూ ముందు తోటివాళ్ల వైపే పరుగెడతాడు.

తప్పెటగుళ్లవాళ్లని ఒంటరి పాత్రగా రాయకూడదు. గుండెకి రేకు తప్పెట, కాళ్లకి గజ్జెలు, నోట గంగమ్మ పాట. ఒకరి భుజాలెక్కి ఒకరు అంతస్తులు కట్టినా దరువు జారనివ్వరు. ఇద్దరు ఆటగాళ్లు ఒకే వంతుని పంచుకునే దారి వాళ్లది. ఇంకో దారి పొందూరుది: అక్కడి నేతలో వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకుతారు. ఆయుధం కన్నా పనిముట్టు మీద ప్రేమ ఉన్న ఆటగాడికి అదొక్కటి చాలు, మంత్రదండం అక్కర్లేదు.

పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను అనే పొడవాటి మాను మీద కూర్చుని ఊరేగే పూజారిని మాత్రం పాత్రగా మలచను. అది భక్తి, దాన్ని పాచిక మీద పెట్టను. కానీ విజయనగరం వీధుల్లో ఆ ఊరేగింపు చూసినవాడికి జట్టంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. జాలరివల, తెల్లఏనుగు, పాలధార, అంజలిరథం, దేని చోటు దానిది, దేని పని దానిది. ఒకరి పని ఇంకొకరు చేయరు. చింతమాను కొసన కూర్చున్నాయన తనంతట తాను ఒక్క అడుగు కదల్లేరు, కిందనున్న జనమే ఆయన్ని నడిపిస్తారు. అందరికన్నా ఎత్తున ఉన్నవారికి అందరికన్నా గట్టి నియమం. ఆటలో పెద్ద లెవెల్ శక్తులు రాసేటప్పుడు నేను నేర్చుకున్న పద్ధతి ఇదే.

ఈ ఆటలు ఆడే పిల్లలకీ, రాసే కుర్రాళ్లకీ ఒక మాట. పరదేశపు కోటలూ డ్రాగన్లూ ఉండనివ్వండి, వాటి అందం వాటిది. వాటి పక్కన మీ ఊరి మనిషినొకణ్ణి నిలబెట్టండి, వంశధార ఒడ్డు జాలరినో, గొల్లపల్లిలో పనస దుంగని వీణగా తొలిచే పనివాణ్ణో. అతను చేయలేని పని ముందు రాయండి, చేయగలిగింది తరువాత రాయండి. నలుగురితో ఆడించి చూడండి. ఆడేవాడు ఆ నియమం దగ్గర ఒక్క క్షణమైనా ఆగి ఆలోచించకపోతే, దాన్ని కొట్టేసి మళ్లీ రాయండి.