వానకు వదలాల్సిన చోటు

వానాకాలం ముందు నాలాల్లో పూడిక తీస్తుంటే కాసేపు ఆగి చూడటం నాకు అలవాటు. జేసీబీ తొట్టె మునిగి లేచినప్పుడల్లా నల్లటి బురదతో పాటు పరుపు ముక్కలు, కొబ్బరి బొండాలు, ఇల్లు కూల్చిన రద్దు పైకొస్తాయి. తీసిందంతా గట్టుమీదే కుప్ప పోస్తారు. లారీ కంటే ముందు వానొస్తే మళ్లీ నాలాలోకే. ఎన్ని లోడ్లు తీశారో రిజిస్టర్‌లో ఉంటుంది. నీళ్లకు ఎంత చోటు మిగిలిందో మాత్రం ఎవరూ కొలవరు.

వానకు చోటు మిగల్చడం హైదరాబాద్‌కు కొత్త విద్యేం కాదు. 1908 సెప్టెంబరులో మూసీ ముంచెత్తాక నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరదను ఊరికి ఎగువనే ఆపుకునేలా జలాశయాలు కట్టమన్నారాయన. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. పెద్ద వరద వచ్చే వేళకు వాటిలో ఖాళీ ఉంటేనే ఆ కట్టలకు అర్థం. ఇప్పటికీ ఇన్‌ఫ్లో పెరుగుతుంటే పూర్తిగా నిండేదాకా ఆగకుండా గేట్లెత్తేది అందుకే.

గొలుసుకట్టు చెరువులదీ ఇదే లెక్క. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు అందుకునేది. నీళ్లు తగ్గాక శిఖంలో, అంటే చెరువు లోపలి నేలలో, పంట వేసుకున్న రైతు, చెరువు నిండితే తప్పుకునేవాడు. ఇప్పుడు శిఖంలో ప్లాట్లు, మత్తడి కాలువ మీద ప్రహరీలు. 2020 అక్టోబరు 13 రాత్రి పల్లెచెరువు కట్ట, నాలుగు రోజులకు గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీ వైపు కాలనీలు మునిగాయి.

2000 ఆగస్టు వరదల తర్వాత కిర్లోస్కర్ కమిటీ నాలాలు వెడల్పు చేయమంది. 2020 దెబ్బకు నాలాల అభివృద్ధి పథకం ఎస్‌ఎన్‌డీపీ, 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా వచ్చాయి. చెరువులకు ఎఫ్‌టీఎల్ (నిండు నీటిమట్టం), బఫర్ హద్దులు పెడుతున్నారు, మంచిదే. మత్తడి నుంచి కింది చెరువు దాకా ఉన్న కాలువకూ అంతే గట్టి హద్దు పడాలి. చెరువు చుట్టూ కంచె వేసి, నీళ్లు పోయే దారి వదిలేస్తే, కాపాడిన చెరువే కాలనీని ముంచుతుంది.

ప్లాటు కొంటున్నామని లేఅవుట్ తెచ్చి చూపించేవాళ్లను నేను అడిగేది ఒకటే: పై చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు ఇందులో ఎటు పోతాయి? ఈ ప్రశ్న కొనేవాడి కంటే ముందు, అనుమతి మీద సంతకం పెట్టేవాడు అడగాలి.