బందరు గాలికి ఏ చెట్టు?

కొత్తిల్లు కట్టుకున్నవాళ్లు నన్ను అడిగే మాట ఒకటే: "గేటు పక్కన ఏం వేస్తే బాగుంటుందండీ?" అడిగేసరికే వాళ్ల మనసులో తురాయి ఉంటుంది. మేలో ఎర్రగా విరగబూస్తుంది, కాదనను. కానీ మడగాస్కర్ నుంచి వచ్చిన ఈ చెట్టుకి కొమ్మ పెళుసు, వేరు పైపైనే పాకుతుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన దివిసీమలో దాన్ని ఇంటిని ఆనించి పెట్టమని నేను చెప్పలేను.

మన నేల సంగతి వేరు. గుడివాడ వైపు రేగడి, కాలువ నీరు. కోడూరు, నాగాయలంక దిక్కుగా పోయేకొద్దీ చౌడు, ఉప్పు గాలి. వానాకాలంలో గొయ్యి తీస్తే రెండు మూడడుగులకే నీళ్లు ఊరే చోట్లు బోలెడు. వేరు ఆ తడిలోకి దిగదు, పక్కలకు పోతుంది. అందుకే ముందు మట్టి తోలించి మెరక చేసుకోవాలి. చెట్టు ఏదన్నది ఆ తర్వాతి మాట.

నా ఓటు పొన్నకి, గంగరావికి. రెండూ సముద్రపు ఒడ్డు చెట్లే, ఉప్పుకి జడవవు. పొన్న ఆకు దళసరిగా, నూనె రాసినట్టు మెరుస్తుంది. తెల్లపూలు మంచి వాసన. గంగరావి పువ్వు పొద్దున పసుపుపచ్చగా విచ్చుకుని, వాడేవేళకి ఎరుపు తిరుగుతుంది. ఒకే కొమ్మ మీద రెండు రంగులు! గట్ల మీద ఊరికే పెరుగుతుందని దాన్ని ఎవరూ డబ్బిచ్చి కొనరు, అదీ దాని ఖర్మ.

ఉప్పు తగలని పెరట్లో అయితే పొగడ. పెరగడం నిదానం. రాలిన పువ్వుకి నడిమన చిల్లు. పిల్లలు సూది లేకుండానే గడ్డిపోచకి గుచ్చేస్తారు. ఎండినా వాసన పోదు.

కోనోకార్పస్ మాత్రం వద్దు. ఇట్టే పచ్చగా ఎదుగుతుందని అంటగడతారు గానీ, గుజరాత్ 2023లో దాన్ని నాటడమే నిషేధించింది.

కడియం నుంచి లారీలో దిగే పదడుగుల మొక్క మీద మోజూ తగ్గించుకోవాలి. చాలాకాలం సంచిలో ఉన్నదాన్ని చింపి చూడండి, వేళ్లు ఒకదాని మీదొకటి చుట్టుకుని ఉంటాయి. అలాగే పాతితే నేలలోనూ అదే చుట్టు తిరుగుతాయి, గట్టి గాలికి చెట్టు మొదలంటా ఒరుగుతుంది. మోకాలెత్తు మొక్క తెచ్చి, చుట్టలు విడదీసి, కాలువలకు నీళ్లొదిలాక నాటండి. వేసవిలో కాలువలు కట్టేశాక బోరు నీళ్లు ఉప్పగా ఉంటే లేతమొక్కకి పోయకండి. డ్రమ్ములో పట్టుకున్న మంచినీళ్లే, వారానికి రెండుసార్లు ఒక్కో బిందె.