బోల్టు మీద ఎఫ్ అక్షరం

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేసింది. విల్లీస్ ఎంబీ, ఫోర్డ్ జీపీడబ్ల్యూ: పేర్లు రెండైనా నమూనా ఒక్కటే. ఒకదాని భాగం రెండోదానికి సరిపోవాల్సిందే. అందుకే సైనిక వర్క్‌షాపుల్లో రెండింటి విడిభాగాలూ కలగాపులగమైపోయాయి.

ఇప్పుడు ఆ జీపులను సరదాకొద్దీ పునరుద్ధరించేవాళ్ల అసలు పని ఆ చిక్కు విప్పడమే. ఛాసిస్ ముందరి అడ్డకమ్మీ గుండ్రని గొట్టమైతే విల్లీస్, తిరగేసిన యూ ఆకారమైతే ఫోర్డ్. ఫోర్డ్ వాళ్లు బోల్టుల తలల మీద కూడా ఎఫ్ అక్షరం అచ్చువేశారు. తుప్పు గీకి, ఆ అక్షరం కనబడిన బోల్టును నూనెలో నానబెట్టి, మర చెడకుండా విప్పి, శుభ్రం చేసి మళ్లీ అక్కడే బిగిస్తారు. కొత్త బోల్టు చవగ్గా దొరుకుతుంది, అయినా ముట్టుకోరు. ఆ ఓపికంటే నాకెంతో గౌరవం.

బానెట్ మీద రంగును పొర తర్వాత పొర తడిగా రుద్దుతూ పోతే, ఒక్కోసారి సైన్యం రాసిన పాత నంబరు బయటపడుతుంది. ఇక హెడ్‌లైట్లు! రాత్రిపూట మరమ్మతు చేసే మెకానిక్ కోసం వాటిని వెనక్కి తిప్పితే ఇంజన్ మీద వెలుగు పడేలా అమర్చారు. అవి తిరగకపోతే, రంగు ఎంత మెరిసినా, నా దృష్టిలో బండి ఇంకా పూర్తికానట్టే.