కోళ్ళ గంపలో ఆరు మూలల లెక్క

భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్తుంటే చాలా ఇళ్ళ ముందు బోర్లించిన కోళ్ళ గంప కనిపిస్తుంది. ఈ దారిన వచ్చేవాళ్ళు రామాలయాన్ని, పర్ణశాలను, గోదావరిలో పడవలను ఫోటోలు తీసుకుని వెళ్ళిపోతారు. గంప వైపు కెమెరా తిప్పేవాళ్ళు అరుదు. నా మటుకు నాకు ఈ అడవి అంచున అన్నిటికంటే ముందు ఫోటో తీయదగిన వస్తువు అదే.

దగ్గరగా కూర్చుని చూడండి. వెదురు బద్దలు మూడు దిక్కుల నుంచి వచ్చి, ఒకటి పైనుంచీ మరొకటి కిందనుంచీ ఒకదాన్నొకటి దాటుతాయి. మధ్యలో మిగిలే ప్రతి కంతకూ ఆరు మూలలు. మేకు లేదు, తాడు లేదు, జిగురు లేదు. ఒక బద్దను పక్కకు నెట్టబోతే మిగతా రెండు దిక్కుల బద్దలూ దాన్ని కదలనివ్వవు. గాలి ఆడాలి, కోడి బయటికి రాకూడదు, ఇంటావిడ ఒంటిచేత్తో ఎత్తగలగాలి. ఈ మూడు అవసరాలకూ అతి తక్కువ వెదురుతో దొరికిన జవాబు ఈ అల్లిక. అందం కోసం ఇందులో ఒక్క బద్ద కూడా అదనంగా వేయలేదు.

వంపు దగ్గర పనితనం ఇంకా లోతుగా ఉంటుంది. అన్నీ ఆరు మూలల కంతలే వేస్తూ పోతే అల్లిక చాపలా పరుచుకుంటుంది, మహా అయితే గొట్టంలా చుట్టుకుంటుంది. గుండ్రని బుర్ర మాత్రం రాదు. అది రావాలంటే అక్కడక్కడా ఒక బద్ద తగ్గించి ఐదు మూలల కంత వేయాలి. నిండుగా వంపు తిరిగిన గంపలో ఓపిగ్గా వెతికితే ఆ ఐదు మూలల కంతలు దొరుకుతాయి. ఎక్కడ వేయాలో అల్లేవారు కాగితం మీద గీసుకోరు. చేతికి తగిలే బిగువే వాళ్ళకు చెబుతుంది. జపానులో ఇదే అల్లికను కగోమె అంటారు. 1951లో ఇతిరో స్యోజి అనే భౌతిక శాస్త్రవేత్త ఆ అమరికలో పరమాణువులు ఉంటే వాటి అయస్కాంత గుణం ఎలా ఉంటుందో లెక్కగట్టాడు. ఆ అమరిక ఉన్న పదార్థాల మీద ప్రపంచంలోని ప్రయోగశాలల్లో ఇప్పటికీ పరిశోధన సాగుతోంది. మన కోళ్ళ గంపలో ఉన్నదీ ఆ జ్యామితే.

అల్లిక కంటే ముందు వెదురు ఎంపిక. వెదురు మొక్క వానల్లో మొలిచి కొన్ని నెలల్లోనే పూర్తి ఎత్తుకు పెరుగుతుంది. ఆ తర్వాత లావెక్కదు, ముదురుతుంది, అంతే. మరీ లేతది ఎండితే ముడుచుకుపోతుంది, మరీ ముదిరింది వంచితే పుటుక్కుమంటుంది. గంప అల్లే మేదరులైనా, తమ ఇంటికి తామే బుట్టలు చేసుకునే కోయలైనా పొదలో నడిమి వయసు బొంగునే ఏరుకుంటారు. పచ్చిగా ఉన్నప్పుడే కత్తితో చీలుస్తారు. వెదురు పీచు బయటి వైపు దట్టంగా, లోపలి వైపు పలచగా ఉంటుంది. అందుకే గట్టి పని పడేచోటికి పైపొర బద్దలు వెళ్తాయి.

గుండ్రటి బుట్టలో మరో లెక్క ఉంది. ఒకే పేడుతో, అంటే సన్నని బద్దతో, చుట్టూ అల్లుకుపోవాలంటే నిలువు బద్దలు బేసి సంఖ్యలో ఉండాలి. సరిసంఖ్య అయితే రెండో చుట్టులో పేడు మళ్ళీ అవే బద్దల మీదికి వస్తుంది, అల్లిక పట్టు ఇవ్వదు. అందుకని ఒక నిలువు బద్దను రెండుగా చీల్చి బేసి చేస్తారు. చేట అయితే ఏటవాలు అల్లిక. పేడు రెండిటిని దాటి రెండిటి కిందికి దూరుతుంది, పక్క వరస ఒక బద్ద పక్కకు జరిగి మొదలవుతుంది. బియ్యపు నూక కూడా జారిపోనంత దగ్గరి నేత అది.

అల్లిక తెలిసిన కన్నుతో చూస్తే అడవి కూడా వేరుగా కనిపిస్తుంది. వానాకాలంలో టేకు ఆకులను ఒక పురుగు ఈనెల మధ్య పచ్చదనమంతా తిని జల్లెడలా వదిలేస్తుంది. ఆ ఆకును సూర్యుడికి అడ్డంగా పట్టి ఫోటో తీయండి. పెద్ద ఈనెలను చిన్నవి, చిన్నవాటిని ఇంకా చిన్నవి కలుపుతూ వల కట్టి ఉంటాయి. ఒక దారి తెగినా నీరు మరో దారిన వెళ్తుంది. ఖమ్మం వైపు తాటిచెట్లకు వేలాడే గిజిగాడి గూళ్ళయితే అచ్చంగా నేతపనే. అల్లేది మగపిట్ట. సగం గూడు అల్లి ఆగుతుంది, ఆడపిట్ట వచ్చి చూసి మెచ్చుకుంటేనే కింది గొట్టం పూర్తి చేస్తుంది. లోపల తడి మట్టి ముద్దలు కూడా అంటిస్తుంది. పక్క గూడెంలో తడిక గోడకు రెండు వైపులా మట్టి మెత్తి, పేడతో అలికిన కోయ ఇల్లు చూశాక ఆ గూడు చూస్తే, మట్టీ అల్లికా ఎందుకు జత కట్టాయో అర్థమవుతుంది.

ఫోటోకు ఉదయపు, సాయంత్రపు ఏటవాలు ఎండ కావాలి. మిట్టమధ్యాహ్నం బద్దల ఎత్తుపల్లాలు చదునైపోతాయి. కెమెరా చేటకు సమాంతరంగా ఉండాలి, కంతల గంపకు వెనక వెలుగు ఉండాలి. కొలత తెలిసేలా అల్లినవారి చెయ్యి చట్రంలో ఉంటే మరీ మంచిది.

జర్మనీలో కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ అనే ఉపాధ్యాయుడు తన విద్యార్థులకు డిజైన్ నేర్పడానికి మొక్కల తీగలను, మొగ్గలను ఎన్నో రెట్లు పెంచి ఫోటోలు తీశాడు. 1928లో అవి పుస్తకంగా వచ్చి ప్రపంచమంతటికీ తెలిశాయి. ఆయన పేరు నిలిచింది, నిలవాలి కూడా. గంప ఫోటోలకు మాత్రం మనం "గిరిజన కళ" అని రాసి ఊరుకుంటాం. అది నాకు అన్యాయంగా తోస్తుంది. ఐదు మూలల కంత ఎక్కడ వేయాలో నిర్ణయించిన మనిషి ఒకరున్నారు. ఆ నిర్ణయమే మనం ఫోటో తీస్తున్నది.

ప్లాస్టిక్ బుట్టలు సంతల నిండా వచ్చేశాయి. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును గిరిజనులు సేకరించుకోదగిన చిన్నతరహా అటవీ ఫలసాయంలో చేర్చింది, కానీ కొనేవాళ్ళు లేకపోతే హక్కు ఉన్నా అల్లిక ఆగిపోతుంది. భద్రాచలం వెళ్ళినప్పుడు ఒక చేటో గంపో కొనండి. ఫోటో తీసే ముందు అడగండి. వాళ్ళు సరేనంటే ఫోటో కింద ఊరి పేరుతో పాటు అల్లినవారి పేరు కూడా రాయండి.